యుద్ధంలో పోయిన తాతగారి ఆచూకీ: పటాలం కాగితాల్లో ఎలా వెతకాలి

యుద్ధంలో చనిపోయిన మీ తాతగారి గురించో ముత్తాతగారి గురించో తెలుసుకోవాలనుకుంటే, ముందు ఆయన పేరు పట్టుకుని వెతకడం ఆపండి. ఆయన ఏ యూనిట్‌లో ఉన్నారు, ఏ తారీఖున పోయారు, ఈ రెండూ పట్టుకోండి. మిగతాది వాటి వెనకాలే వస్తుంది.

నేను సైన్యంలో క్లర్కుగా చేరి హవల్దారుగా రిటైరయినవాణ్ణి. సర్వీసులో చాలా ఏళ్ళు రికార్డ్ ఆఫీసులోనే గడిచాయి. ఇప్పుడు తణుకు దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు సంచీలో పాత కాగితాలు పెట్టుకుని వస్తుంటారు. "హవల్దారుగారూ, మా తాత బర్మాలో పోయాడంటండి. ఎక్కడ పోయాడో, ఎలా పోయాడో మాకెవరూ చెప్పలేదండి" అంటారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరానికి మిలిటరీ మాధవరమని పేరే ఉంది. అక్కడి సంగతి లోకమంతా తెలుసు. కానీ డెల్టాలో మిగతా ఊళ్ళ నుంచి కూడా మనుషులు వెళ్ళారు. పేటల్లోంచి, లంకల్లోంచి, చేలో కూలి దొరకని ఇళ్ళలోంచి వెళ్ళారు. వాళ్ళ పేర్లు ఊళ్ళో ఏ రాయి మీదా లేవు. అలాంటి ఇళ్ళవాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను.

యూనిట్ అని ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. సైన్యంలో ప్రతి మనిషికీ షీట్ రోల్ అని ఒక పత్రం ఉంటుంది. చేరిన తేదీ, తండ్రి పేరు, ఊరు, పోస్టు, తాలూకా, ఒంటి మీద పుట్టుమచ్చలు, వారసుడెవరు, అన్నీ అందులోనే ఉంటాయి. మనవాళ్ళకి కావలసింది సరిగ్గా ఆ కాగితమే. కానీ రూల్ ప్రకారం పెన్షన్ లేనివాళ్ళ సర్వీసు కాగితాలు 25 ఏళ్ళు, పెన్షన్ ఉన్నవాళ్ళవి 50 ఏళ్ళు ఉంచి తర్వాత తీసేస్తారు. ఆ తర్వాత మిగిలేది లాంగ్ రోల్ అనే రిజిస్టరు. అందులో ఒక మనిషికి ఒక్క వరుస. అంటే 1944లో పోయిన సిపాయి గురించి ఈరోజు రాస్తే ఆ ఒక్క వరుస వస్తే అదృష్టం. అదే పటాలం తాలూకు వార్ డైరీ, అంటే యుద్ధంలో ఏ రోజు ఏం జరిగిందో పటాలమే రాసుకునే పుస్తకం, మాత్రం చరిత్ర కోసం దాచిన కాగితం. దాన్ని మామూలుగా తీసేయరు. మనిషి కాగితం పోయినా పటాలం కాగితం చాలావరకు ఉంటుంది. మన మనిషి ఆ రోజు ఏ పొద్దున ఏ వాగు దగ్గర ఉన్నాడో అది చెబుతుంది.

ముందు ఇంట్లో వెతకండి

మన ప్రాంతంలో ఇంట్లో కాగితం నిలవడం కష్టం. 1953 వరద, 1986 వరద, 1996 నవంబరు తుఫాను, ఇవి కాక ఏడాది పొడుగునా చెమ్మ, చెదలు. అందుకని కాగితాలు లేవని చెప్పగానే వదిలేయకండి. లోహం మీద రాసింది, చెక్క మీద రాసింది మిగిలి ఉంటుంది.

మెడల్ ఉంటే దాన్ని పక్కకి తిప్పి అంచు చూడండి. బొమ్మ ఉన్న వైపు ఎవరైనా చూస్తారు, అసలు సమాచారం అంచు మీద ఉంటుంది. మొదటి యుద్ధం మెడళ్ళ అంచున నంబరు, ర్యాంకు, పేరు, యూనిట్ చెక్కి ఇచ్చారు. రెండో యుద్ధంలో కూడా భారత సైనికుల మెడళ్ళలో చాలావాటి మీద పేరు చెక్కారు. పాలిష్ పెట్టి తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. సెల్‌ఫోన్ టార్చి ఏటవాలుగా వేసి ఫొటో తీస్తే అరిగిన అక్షరం కూడా కనిపిస్తుంది. '2 ఎస్ అండ్ ఎం' అని ఉంటే అది 2వ క్వీన్ విక్టోరియాస్ ఓన్ శాపర్స్ అండ్ మైనర్స్, అంటే బెంగళూరులో ఉండే మద్రాస్ శాపర్లు, సైన్యంలో ఇంజనీర్ల పటాలం.

మొదటి యుద్ధంలో చనిపోయినవాళ్ళ ఇంటికి అరచేతి కంటే పెద్దదైన ఒక కంచు బిళ్ళ కూడా పంపారు. దాని మీద బ్రిటానియా దేవత, సింహం ఉంటాయి. కొన్ని ఇళ్ళలో అది ఇత్తడి సామాన్ల మధ్య పడి ఉంటుంది. దాని మీద పేరు మాత్రమే ఉంటుంది, ర్యాంకు గానీ యూనిట్ గానీ వేయలేదు. చావులో అందరూ సమానమని అలా చేశారు. కాబట్టి బిళ్ళ ఉంటే ఆయన యుద్ధంలో పోయిన మాట నిజమని తెలుస్తుంది, యూనిట్ మాత్రం వేరే చోట వెతకాలి.

ట్రంకు పెట్టె మూత మీద తెల్లరంగుతో రాసిన నంబరు, ఫొటోలో టోపీ మీది బిళ్ళ, మనియార్డరు ముక్కలు, పెన్షన్ పుస్తకం, డి-ఫారం పట్టా, ఇవన్నీ చూడండి. మాజీ సైనికుడి కుటుంబానికని ఇచ్చిన భూమి అయితే దాని కాగితాల్లో నంబరు దొరకవచ్చు. సర్వీసు నంబరు దొరికితే సగం పని అయిపోయినట్టే. పేరు పది రకాలుగా రాస్తారు. నంబరు ఒక్కలాగే రాస్తారు.

తర్వాత ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉంటే ఆయన తద్దినం ఏ తిథినాడు పెట్టేవారో అడగండి. మాసం, పక్షం, తిథి, వీలైతే సంవత్సరం పేరు కూడా. చిత్రభాను అంటే 1942 ఉగాది నుంచి, తారణ అంటే 1944 ఉగాది నుంచి. పాత పంచాంగం చూసి ఇంగ్లీషు తారీఖు కట్టవచ్చు. అయితే ఒక సంగతి గుర్తుంచుకోండి. చాలా ఇళ్ళలో టెలిగ్రాం వచ్చిన రోజునే తిథిగా పట్టుకున్నారు. మనిషి పోయింది అంతకు వారాలో నెలలో ముందు. సింగపూర్‌లో జపాన్‌వాళ్ళకి పట్టుబడినవాళ్ళయితే ఏళ్ళు ముందు కూడా కావచ్చు. కాబట్టి రికార్డులో ఉన్నది మీ తిథి కంటే ముందటి తారీఖు అయితే అది వేరే మనిషి అనుకోకండి. తిథి తర్వాతి తారీఖు అయితే మాత్రం అనుమానించండి.

జిల్లా పేరు దగ్గర తప్పిపోకండి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్ళలో చాలామంది ఇక్కడే దారి తప్పుతున్నారు.

భీమవరం, నరసాపురం, తణుకు, ఏలూరు తాలూకాలు 1904లో గోదావరి జిల్లా నుంచి తీసి కృష్ణా జిల్లాలో కలిపారు. నరసాపురం తాలూకాలోని నగరం లంక మాత్రం గోదావరి జిల్లాలోనే ఉంది. 1925లో కృష్ణా జిల్లాని విడదీసి పశ్చిమ గోదావరి చేశారు. మిగిలిన గోదావరి జిల్లా అప్పుడే తూర్పు గోదావరి అయింది. కాబట్టి 1916లో మెసపొటేమియాలో పోయిన భీమవరం మనిషిని గోదావరి జిల్లా కింద వెతికితే దొరకడు, కృష్ణా జిల్లా కింద ఉంటాడు. ఆ కృష్ణా కూడా ఇప్పటి ఇంగ్లీషు స్పెల్లింగులో కాదు, 'కిస్ట్నా' అని పలికేలా రాసేవారు. అమలాపురం, రామచంద్రపురం, కాకినాడ వాళ్ళు గోదావరి కిందే ఉంటారు. రెండో యుద్ధం కాలానికి తూర్పు, పశ్చిమ అని విడివిడిగా ఉంటుంది. కొన్నిచోట్ల గుమస్తా ఉత్త 'గోదావరి' అని రాసి ఊరుకున్నాడు, కొన్నిచోట్ల 'మద్రాస్' అనే ఉంటుంది. 2022లో వచ్చిన కోనసీమ, కాకినాడ, ఏలూరు జిల్లాల పేర్లతో వెతకడం వల్ల ఉపయోగం లేదు.

ఊళ్ళకీ పాత ఇంగ్లీషు పేర్లే పట్టుకోండి. కాకినాడ కొకనాడా, ఏలూరు ఎల్లోర్, విజయవాడ బెజవాడ.

మనుషుల పేర్లు ఇంకా కష్టం. మనకి ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. సైన్యంలో చాలామందికి అసలు పేరొక్కటే రాశారు. ఇంటిపేరు ఒక్క పొడి అక్షరంగా మిగిలింది, లేదా పూర్తిగా పోయింది. రాసినవాళ్ళలో తమిళ గుమస్తాలు కూడా ఉండేవారు కాబట్టి 'త' ఉన్నచోట టి పక్కన హెచ్ వచ్చి చేరుతుంది, ఎల్లయ్య ముందు వై వస్తుంది, చివర స్వామి అన్నది 'ఐ'తోనో 'వై'తోనో ముగుస్తుంది. అందుకని పూర్తి పేరు కొట్టకుండా మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి వచ్చిన జాబితా మొత్తం ఓపిగ్గా చదవండి. తండ్రి పేరు, ఊరు కలిస్తేనే మన మనిషి. అప్పన్నలు, వెంకన్నలు, సత్యాలు వందలమంది ఉంటారు. పేరు కలిసిందని మాత్రమే ఒకరి చావుని ఇంకొకరి ఇంటికి తెచ్చిపెట్టకూడదు.

క్రైస్తవ కుటుంబాలకి ఇంకో దారి ఉంది. డెల్టాలో లూథరన్ సంఘాలు, నరసాపురం, పాలకొల్లు వైపు గోదావరి డెల్టా మిషన్ సంఘాలు, కాకినాడ వైపు బాప్టిస్టులు పాతకాలం నుంచి రిజిస్టర్లు రాస్తూ వచ్చారు. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మం పేరు ఇంకొకటి అయితే సైన్యంలో ఏది రాయించుకున్నాడో తేల్చడానికి ఆ పుస్తకం పనికొస్తుంది. పాస్టరుగారిని మర్యాదగా అడిగితే చూపిస్తారు.

తారీఖు, యూనిట్ దొరికే చోటు

ఇప్పుడు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటుకి వెళ్ళండి. 1917లో పెట్టిన సంస్థ ఇది. రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన సుమారు 17 లక్షల మంది పేర్లు ఇక్కడున్నాయి. డబ్బు కట్టనక్కర్లేదు. మొదటి యుద్ధానికి 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 దాకా, రెండో యుద్ధానికి 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 దాకా సర్వీసులో ఉండి పోయినవాళ్ళని లెక్కలోకి తీసుకున్నారు. తూటా తగిలి పోయాడా, మలేరియాతో పోయాడా, రైలు ప్రమాదంలో పోయాడా అన్న తేడా పెట్టలేదు.

వెతికేటప్పుడు ఏ దేశ సైన్యంలో పనిచేశాడన్న చోట భారత సైన్యం అని పెట్టి, అదనపు సమాచారం అన్న గడిలో గోదావరి అనో, ఊరి పేరనో ఇంగ్లీషులో కొట్టండి. పేరు దొరకనివాళ్ళని ఊరి పేరుతో పట్టుకోవడానికి ఇదే ఉపాయం. రికార్డు దొరికితే నంబరు, ర్యాంకు, రెజిమెంటు, తారీఖు, స్మారకం పేరు వస్తాయి. అక్కడున్న పాత కాగితాల స్కాన్లు కూడా దించుకోండి.

స్మారకం పేరు చూసి ఆయన అక్కడే పోయాడని అనుకోవద్దు. ఈ పొరపాటు మంచి చదువుకున్నవాళ్ళు కూడా చేస్తున్నారు. రంగూన్ దగ్గర తౌక్యాన్ శ్మశానవాటికలో ఉన్న రంగూన్ మెమోరియల్ మీద సుమారు 27 వేల పేర్లున్నాయి. బర్మా మొత్తంలో సమాధి తెలియనివాళ్ళందరినీ అక్కడ రాశారు. సింగపూర్ క్రాంజీలో ఉన్న మెమోరియల్ మీద 24 వేల పైచిలుకు పేర్లు. వాళ్ళలో మలయా అడవిలో పోయినవాళ్ళూ ఉన్నారు, ఖైదీలుగా ఓడల్లో పోయినవాళ్ళూ ఉన్నారు. ఢిల్లీ, కరాచీ మెమోరియళ్ళలో 25 వేలకి పైగా పేర్లు రెండు చోట్లా ఉన్నాయి. కోహిమాలో దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికులకి ఒక స్మారకం ఉంది. దహన స్మారకం మీద పేరుందంటే సాటివాళ్ళు ఆయనకి అంత్యక్రియలు చేశారని అర్థం. ఆ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్పకుండా చెప్పండి. "అడవిలో వదిలేశారేమో" అని ఎనభై ఏళ్ళుగా బాధపడుతున్న ఇళ్ళున్నాయి.

మొదటి యుద్ధంలో మెసపొటేమియాలో పోయినవాళ్ళకి బస్రా మెమోరియల్. రాతి మీద భారత సిపాయిల పేర్లు చెక్కలేదు, ఆఫీసర్ల పేర్లు మాత్రమే చెక్కారు. ఆ అన్యాయం అన్యాయమే. కానీ కమిషన్ డేటాబేసులో సిపాయిల పేర్లు ఇప్పుడు ఉన్నాయి, కాబట్టి రాతి ఫొటో చూసి మావాడు లేడని నిరాశపడవద్దు. ఫ్రాన్సులో నవ్-షపెల్, ఢిల్లీలో 1931లో కట్టడం పూర్తయిన ఇండియా గేట్ కూడా మొదటి యుద్ధంలో పోయినవాళ్ళ స్మారకాలే. ఇండియా గేట్ మీద 13 వేల పైచిలుకు పేర్లున్నాయి.

యూనిట్ దగ్గర మనవాళ్ళకి తరచుగా కనిపించేవి కొన్ని చెబుతాను. మద్రాస్ శాపర్స్ అంటే ఇంజనీర్లు, వంతెనలు, రోడ్లు, మైన్లు (మందుపాతరలు) వాళ్ళ పని. ఇండియన్ పయనీర్ కార్ప్స్ అంటే మట్టిపని, బరువులు, విమానాల మైదానాలు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కార్ప్స్ అంటే లారీలు, కంచరగాడిదలు, రేషన్. హాస్పిటల్ కార్ప్స్, ఆర్డ్నెన్స్ కార్ప్స్, జనరల్ సర్వీస్ కార్ప్స్ కూడా వస్తాయి. మద్రాసు కాల్బలం పటాలాలని 1920లలో ఎత్తేశారు, మద్రాస్ రెజిమెంటు రెండో యుద్ధంలో మళ్ళీ లేచింది. అందుకే మన జిల్లాల మనుషులు తుపాకీ పటాలాల కంటే పని పటాలాల్లో ఎక్కువగా కనిపిస్తారు. వంటవాడు, నీళ్ళు మోసేవాడు, ఊడ్చేవాడు అని ర్యాంకు కనబడితే సిగ్గుపడి దాచేవాళ్ళని చూశాను. దయచేసి అలా చేయకండి. ఆయన కూడా నంబరు ఉన్న మనిషే, అదే బాంబు కింద పోయాడు, అదే రాయి మీద పేరుంది.

చిక్కు ఎక్కడంటే కమిషన్ చాలాసార్లు కోర్ (పైన చెప్పిన శాపర్స్, పయనీర్ లాంటి పెద్ద విభాగం) పేరొక్కటే ఇస్తుంది, అందులో చిన్న దళమైన కంపెనీ నంబరు ఇవ్వదు. కంపెనీ తెలియకుండా డైరీ దొరకదు. అప్పుడు ఇలా చేయండి. అదే కోర్‌లో అదే తారీఖున, ఆ ముందూ వెనకా రెండు మూడు రోజుల్లో పోయినవాళ్ళ జాబితా తీయండి. మీ తాతగారి పక్కన పోయినవాళ్ళలో ఎవరో ఒకరికి కంపెనీ నంబరు రాసి ఉండవచ్చు. ఒకే రోజు పదిమంది ఉంటే అది బాంబుదాడో, ఓడ మునకో, పేలుడో అయి ఉంటుంది. ఉదాహరణకి 1944 ఏప్రిల్ 14 అని, బొంబాయి అని కనబడితే అది రేవులో మందుగుండు ఓడ పేలిన రోజు. ఆ రోజు ఒక్కడే ఉంటే జబ్బు చేసి ఆసుపత్రిలో పోయి ఉండే అవకాశం ఎక్కువ.

వార్ డైరీ చదవడం

యుద్ధరంగంలో ఉన్న ప్రతి యూనిట్ రోజువారీ డైరీ రాయాలి. నెలకొక కట్ట. గడులు ఇలా ఉంటాయి: చోటు, తారీఖు, వేళ, జరిగిన సంగతులు, వెనకాల జతపరిచిన కాగితాల గుర్తు. రాసేది ఎవరో ఒక కుర్ర ఆఫీసరు, రాత్రి లాంతరు దగ్గర. కొందరు పేజీలు పేజీలు రాస్తారు, కొందరు "మామూలే" అని రాసి వదిలేస్తారు.

ఇవి ఎక్కడుంటాయి? లండన్ దగ్గర క్యూలో ఉన్న బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో మొదటి యుద్ధం డైరీలు డబ్ల్యు.ఓ. (వార్ ఆఫీస్) 95 అనే వరుసలో ఉన్నాయి. ఫ్రాన్సు వెళ్ళిన భారత పటాలాలవి చాలావరకు స్కాన్ చేసి పెట్టారు, ఇంట్లో కూర్చుని చూడవచ్చు. రెండో యుద్ధానికి బర్మా, మలయా వైపు డబ్ల్యు.ఓ. 172, ఈజిప్టు, ఎడారి వైపు 169, ఇటలీ వైపు 170. కేటలాగులో యూనిట్ పేరు, సంవత్సరం కొడితే ఫైలు నంబరు వస్తుంది. స్కాన్ లేనివాటికి కాపీ కోసం ఆర్డరు పెట్టాలి, లేదా డబ్బు తీసుకుని చూసిపెట్టే పరిశోధకుల జాబితా వాళ్ళ దగ్గరే ఉంది. లండన్‌లో చదువుకుంటున్న పిల్లలు మీ ఊరివాళ్ళు ఉంటే ఒక శనివారం వెళ్ళమనండి. ఈ రోజుల్లో ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటున్నారు కదా. ఫైలు నంబరు చేతికిచ్చి పంపండి, ఫోనుతో ఫొటోలు తీసుకోవచ్చు.

మన దేశంలో ఢిల్లీ జనపథ్‌లో నేషనల్ ఆర్కైవ్స్ ఉంది. వాళ్ళ అభిలేఖ్ పటల్ అనే పోర్టల్లో ఉచితంగా పేరు నమోదు చేసుకుని వెతకవచ్చు. సైనిక శాఖ తాలూకు మొదటి యుద్ధం డైరీలు అక్కడ చాలా ఉన్నాయి. రక్షణ శాఖలో హిస్టరీ డివిజన్ వేరే ఉంది. 25 ఏళ్ళు దాటిన యుద్ధ రికార్డులని పరిశీలించి ఆర్కైవ్స్‌కి పంపాలని 2021లో విధానం కూడా పెట్టారు.

డైరీ తెరవగానే మన మనిషి పేరు కోసం చూడకండి, సాధారణంగా ఉండదు. ఆఫీసర్లకి పేర్లు రాస్తారు, వైస్రాయ్ కమిషన్డ్ ఆఫీసర్లకి, అంటే జమేదారు, సుబేదారులకి కొన్నిసార్లు రాస్తారు. మామూలు సిపాయిని 'ఐ.ఓ.ఆర్.' అంటారు, ఇండియన్ అదర్ ర్యాంక్ అని. "1 ఐ.ఓ.ఆర్. కె.ఐ.ఎ." అని ఉంటే ఒక సిపాయి పోరులో చనిపోయాడని. 'డి.ఓ.డబ్ల్యు.' అంటే గాయాలతో తర్వాత పోయాడని. 'సి.సి.ఎస్.' అంటే ముందువరసకి దగ్గర్లో గాయపడ్డవాళ్ళని చూసే ఆసుపత్రి. 'ఐ.జి.హెచ్.' అంటే ఇండియన్ జనరల్ హాస్పిటల్.

మా అమ్మ మేనమామగారి సంగతి చెబితే ఇదంతా ఎలా కలుస్తుందో తెలుస్తుంది. ఆయన మద్రాస్ శాపర్లలో ఒక ఫీల్డ్ కంపెనీలో ఉండేవారు. ఇంట్లో చెప్పుకునేది ఒకటే, ఇంఫాల్లో బాంబు పడి పోయాడని. కమిషన్ రికార్డులో 1944 వేసవి తారీఖు ఉంది, కంపెనీ నంబరు లేదు. పక్కవాళ్ళ జాబితా తీస్తే అదే వారంలో పోయిన ఇంకొకాయనకి కంపెనీ రాసి ఉంది. పాత ఫొటో వెనకాల పెన్సిల్‌తో ఉన్న నంబరు దానితో కలిసింది. అప్పుడు డైరీ తెప్పించాం. ఆ నెలంతా వాళ్ళు ఇంఫాల్ నుంచి బర్మా వైపు వెళ్ళే టిడ్డిం రోడ్డు మీద పనిచేస్తున్నారు. వాన, కొండచరియలు, కొట్టుకుపోయిన కల్వర్టులు, మళ్ళీ కట్టడం. ఆ తారీఖు ఎంట్రీలో రోడ్డు మీద మైన్లు తీస్తుండగా ఒక ఐ.ఓ.ఆర్. మృతి అని ఒక్క ముక్క ఉంది. పేరు లేదు. కానీ ఆ రోజు ఆ కోర్‌లో కమిషన్ లెక్కలో ఆ వైపు ఇంకెవరూ లేరు. కాబట్టి ఆ ఒక్కడు ఆయనే. పేరు లేని డైరీని, ఊరు లేని తారీఖుని పక్కపక్కన పెడితే మనిషి బయటికి వస్తాడు.

అమ్మకి ఆ నెల డైరీ మొత్తం తెలుగులో చెప్పి వినిపించాను. పోయిన రోజు ఒక్కటే కాదు, ముందు మూడు నెలలు కూడా తప్పకుండా చదవండి. ఎక్కడ మజిలీ చేశారు, ఎప్పుడు రేషన్ సగానికి తగ్గింది, ఎప్పుడు సెలవులు ఆపేశారు, దసరా చేసుకోనిచ్చారా, అన్నీ ఉంటాయి. చావు కంటే ఆ బతుకే ఇంట్లోవాళ్ళకి ఎక్కువ తెలియాలని నా అభిప్రాయం.

వెనక జతపరిచిన కాగితాలని చూడకుండా వదలొద్దు. మనుషుల పేర్ల జాబితాలు ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంటాయి. ఇటలీలో 1944 ఫిబ్రవరి 24న మైన్ మీద పడి తోటివాళ్ళని కాపాడిన మద్రాస్ శాపర్ల సుబేదార్ సుబ్రమణియన్ లాంటివాళ్ళకి జార్జ్ క్రాస్ వచ్చింది కాబట్టి పూర్తి వివరణ ఉంటుంది. అవార్డుల సిఫార్సులు డబ్ల్యు.ఓ. 373లో విడిగా ఉన్నాయి. మీ తాతగారికి అవార్డు రాకపోయినా ఆయన పక్కవాడికి వచ్చి ఉంటే ఆ సిఫార్సులో ఆ రోజు ఏం జరిగిందో దొరుకుతుంది.

కంపెనీ డైరీ లేకపోతే ఒక మెట్టు పైకెక్కండి. శాపర్లకయితే డివిజన్ ఇంజనీర్ల అధిపతి డైరీ, కేటలాగులో 'సి.ఆర్.ఇ.' అని ఉంటుంది. కాల్బలానికి బ్రిగేడ్ డైరీ. అదీ లేకపోతే డివిజన్ హెడ్‌క్వార్టర్స్. ఆసుపత్రిలో పోతే ఆ ఆసుపత్రి డైరీ. అందులో కలరా ఎప్పుడు వచ్చింది, ఎంతమంది చేరారు అన్నది ఉంటుంది.

రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం

ఇంత చేశాకే రికార్డ్ ఆఫీసుకి రాయండి. ముందే రాస్తే "వివరాలు చాలవు" అన్న జవాబు వస్తుంది. మద్రాస్ రెజిమెంటు రికార్డ్స్ నీలగిరిలో వెల్లింగ్టన్. మద్రాస్ శాపర్లకి, పయనీర్ కార్ప్స్‌కి బెంగళూరు. ఆర్డ్నెన్స్ వాళ్ళకి, ఇ.ఎం.ఇ. (బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) వాళ్ళకి సికిందరాబాదు. మెడికల్ కోర్‌కి లక్నో.

ఉత్తరం ఆఫీసర్-ఇన్-ఛార్జ్ రికార్డ్స్ పేరున ఒక్క పేజీ రాయండి. నంబరు, ర్యాంకు, పేరు, తండ్రి పేరు, పాత తాలూకా, జిల్లా, పోయిన తారీఖు, మీరు ఆయనకి ఏమవుతారు. "మా తాత గురించి ఏమున్నా పంపండి" అని రాయకండి. లోపల కూర్చున్న క్లర్కుకి ఏ అల్మరా తెరవాలో తెలియాలి. "లాంగ్ రోల్ నకలు, మరణం ప్రకటించిన పార్ట్ టూ ఆర్డర్ నకలు కావాలి" అని కాగితం పేరుతో అడగండి. పార్ట్ టూ ఆర్డర్ అంటే మనిషికి జరిగిన ప్రతి మార్పునీ, చేరిక, సెలవు, పెళ్ళి, చావు, ప్రకటించే ఉత్తర్వు. కాకినాడలో, ఏలూరులో ఉన్న జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా పంపితే దారి నేరుగా ఉంటుంది. బంధుత్వం రుజువు జత చేయండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అదే అడగవచ్చు.

1947 తర్వాత పోయినవాళ్ళయితే పని తేలిక. ఢిల్లీలో 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించిన నేషనల్ వార్ మెమోరియల్‌లో అప్పటికే 25,942 పేర్లున్నాయి, వాళ్ళ వెబ్‌సైటులో వెతకవచ్చు. 1962, 1965, 1971, శ్రీలంక, కార్గిల్, ఏదయినా ఆ బెటాలియన్ చాలావరకు ఇంకా ఉంది. కమాండింగ్ ఆఫీసరుగారికి రాయండి. తమ పటాలం మనిషి కుటుంబం రాసిందంటే వాళ్ళు పక్కన పడేయరు, ఇది నా అనుభవం.

సైన్యం కాని దారులు కొన్ని. కాకినాడ రేవు నుంచి ఓడల్లో పనిచేస్తూ పోయినవాళ్ళు బొంబాయి, చిట్టగాంగ్ మెమోరియళ్ళలో ఉంటారు, కమిషన్ డేటాబేసులోనే దొరుకుతారు. యానాం వాళ్ళ పెద్దలు ఫ్రెంచి సైన్యంలో పోయి ఉంటే ఫ్రాన్సు రక్షణ శాఖవారి 'మెమ్వార్ దెజ్ ఓమ్' అనే డేటాబేసు చూడండి. సింగపూర్ పడిపోయిన 1942 ఫిబ్రవరి 15 తర్వాత ఆచూకీ లేనివాళ్ళు ఖైదీలుగా న్యూగినీ దాకా వెళ్ళి ఉండవచ్చు, ఆజాద్ హింద్ ఫౌజులో చేరి ఉండవచ్చు. ఆ ఫౌజు కాగితాలు ఢిల్లీ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి.

ఒక్క హెచ్చరిక. ఇదంతా ఆస్తి కోసమో పరిహారం కోసమో చేసే పని కాదు. "బ్రిటన్ నుంచి లక్షలు వస్తాయి, ముందు ఫైలింగు ఫీజు కట్టండి" అని ఫోను చేసేవాళ్ళకి ఒక్క రూపాయి ఇవ్వకండి, ఆధార్ కాపీ కూడా ఇవ్వకండి.

అన్నీ దొరికాక చివరి పని, కమిషన్ రికార్డులో తప్పులు దిద్దించడం. ఊరి పేరు తప్పుంటే, తండ్రి పేరు లేకపోతే, ఇంటిపేరు వదిలేసి ఉంటే వాళ్ళ వెబ్‌సైటు నుంచే రాయవచ్చు. మెడల్ అంచు ఫొటో, పార్ట్ టూ ఆర్డర్ నకలు, పెన్షన్ పుస్తకం మొదటి పేజీ, ఏది రుజువుగా ఉంటే అది స్కాన్ చేసి జత చేయండి. అసలు కాగితాలు పోస్టులో పంపకండి. చనిపోయి పేరే లేనివాళ్ళ కేసులు కూడా వాళ్ళు రుజువు చూసి కొత్తగా చేర్చుకుంటారు. జవాబుకి నెలలు పడుతుంది. ఈలోగా స్కాన్ల నకలు ఒకటి పెన్ డ్రైవ్‌లో వేసి వేరే ఊళ్ళో ఉన్న బంధువుల ఇంట్లో ఉంచండి. గోదావరికి ప్రతి ఏడూ నీళ్ళొస్తాయి.